వాననీళ్లలో కలిపిన రంగు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మనుషుల ముఖాల కన్నా వాళ్ల రక్తాన్నే ఎక్కువ చూశాను. ల్యాబ్ టెక్నీషియన్ పని అలాంటిది. గాజుపలక మీద ఒక చుక్క, దాని పక్కన ఒక నంబరు. ఆ నంబరు వెనక ఎవరున్నారో మనకు తెలియదు. తెలియాల్సిన అవసరం లేదని కూడా చాలాకాలం అనుకున్నాను. అలా అనుకోవడం ఎందుకు మానేశారని మొన్న రిటైర్మెంటు రోజున మా కుర్ర టెక్నీషియన్లు అడిగారు. అప్పుడు టీ తాగి నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు తీరిక దొరికింది కనక రాస్తున్నాను.

మీకిప్పుడు మలేరియా పరీక్ష అంటే కిట్టు మీద చుక్క వేసి గీత వస్తుందా రాదా అని చూడటం. మా రోజుల్లో గీతలు లేవు. రక్తపు పూతకు రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కొక్క చోటూ జరుపుకుంటూ వెతకాలి. మలేరియా క్రిమి ఒంటికి నీలం పట్టాలి, దాని మధ్యలోని చుక్కకు ఎరుపు పట్టాలి. ఆ రెండూ పడితేనే అది కనిపిస్తుంది. పట్టకపోతే అది అక్కడే ఉంటుంది, మనకు మాత్రం కనిపించదు.

తొంభైల నడిమి సంగతి. అరకు దాటి ఇంకా లోపలికి, రోజుకు రెండే బస్సులు వచ్చిపోయే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నాకు పోస్టింగు. నాది విజయనగరం వైపు పల్లం ఊరు. కొండలంటే సినిమా పాటల్లో చూడటమే. ల్యాబ్ అంటే మందుల గదికి పక్కన ఒక చిన్న గది, కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద అద్దంతో వెలుగు పట్టే మైక్రోస్కోపు. కరెంటు ఎప్పుడుంటుందో దానికే తెలియదు కాబట్టి సూర్యుడే మా కరెంటు. మబ్బు పడితే పని ఆగేది.

కొండ ఊళ్ల నుంచి పూతలు తెచ్చేది ఒక ఏఎన్ఎం. నాకన్నా పదిహేనేళ్లు పెద్దది. మిషన్ బడిలో చదువుకుని నర్సు ట్రైనింగు అయిన మనిషి. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ కొండలు. అక్కడివాళ్ల భాష, తెలుగు, ఒరియా మూడూ కలిపి మాట్లాడేది. నేను అక్కా అనేవాణ్ణి, తను తమ్ముడూ అనేది. జ్వరమన్న ప్రతి మనిషి దగ్గరా వేలు పొడిచి పూత తీసి, అప్పటికప్పుడు నాలుగు మలేరియా మాత్రలు మింగించి వచ్చేది. ఆ తర్వాత నేను చూసి, క్రిమి ఉందని రాస్తే ఆ మనిషికి పూర్తి కోర్సు మాత్రలు అందేవి. లేదని రాస్తే ఆ నాలుగు మాత్రలతోనే సరి. అంటే నా రిజిస్టరులో ఒక్క మాటను బట్టి మాత్రలు కొండెక్కేవి, లేకపోతే డబ్బాలో ఉండిపోయేవి.

ఇక రంగు సంగతి. గీమ్సా అనే రంగును నీళ్లలో కలిపి పూత మీద పోయాలి. ఏ నీళ్లంటే ఆ నీళ్లు కాదు. చిన్న తెల్లని బఫర్ మాత్రను డిస్టిల్డ్ వాటరులో కరిగించి, ఆ నీళ్లలోనే కలపాలి. ట్రైనింగులో చెప్పారు, పుస్తకంలో ఉంది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఎందుకు అన్నది మాత్రం నాకు పట్టలేదు. నీళ్లలో మాత్ర వేస్తే నీళ్లే కదా, వెయ్యకపోయినా నీళ్లే కదా.

ఎండాకాలం మొదట్లో ఆ మాత్రల సీసా ఖాళీ అయింది. ఇండెంటు పంపాను. జవాబు లేదు. మళ్లీ పంపాను. ఈసారి స్టాకు లేదని జవాబు వచ్చింది. పూతలు పేరుకుపోతున్నాయి. చేసేది లేక కేంద్రం వెనక బావి నీళ్లు కాచి, వడగట్టి, వాటిలో రంగు కలిపాను. స్లైడ్లు బ్రహ్మాండంగా వచ్చాయి. నీలం నీలంలాగే, ఎరుపు ఎరుపులాగే. రెండు నెలలు గడిచేసరికి నాకు ధైర్యం వచ్చింది. తప్పు చేసి దొరక్కపోతే వచ్చే ధైర్యం అది. బఫర్ మాత్రలు పుస్తకాలు రాసేవాళ్ల ఛాదస్తమని తేల్చేసుకున్నాను. డిస్టిల్డ్ వాటరు క్యాన్లు కూడా ఇండెంటులోంచి తీసేశాను. ఆ బావి నీళ్లు ఎండాకాలంలో తమంతట తామే రంగుకు సరిపోయేలా ఉన్నాయనీ, అందులో నా తెలివేమీ లేదనీ అప్పటికి తెలియదు.

తర్వాత వానలు పడ్డాయి. కొండల్లో వాన అంటే మీకు తెలుసు. వారంలో బావి ఎర్రగా బురదెక్కింది. నేను ఆరుబయట శుభ్రమైన స్టీలు గిన్నె పెట్టి వాననీళ్లు పట్టాను. ఆకాశం నుంచి తిన్నగా దిగిన నీళ్లు, డిస్టిల్డ్ వాటరుకు ఏం తీసిపోతాయి అనుకున్నాను. సీసాలో పోసి లేబులు కూడా అంటించాను.

స్లైడ్లు కొంచెం గులాబీ రంగు తిరిగాయి. చూడముచ్చటగా ఉన్నాయనుకున్నాను. వాటిలో క్రిములు తగ్గాయి. జూన్ కన్నా జూలైలో తగ్గాయి, ఆగస్టుకి ఇంకా తగ్గాయి. మా మెడికల్ ఆఫీసరు కుర్ర డాక్టరు, మంచివాడే. నెలవారీ మీటింగులో మా కేంద్రం పేరు ఎత్తి మెచ్చుకున్నారని వచ్చి చెప్పాడు. వానాకాలంలో మలేరియా తగ్గడమేమిటని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. మెప్పు వచ్చినప్పుడు ప్రశ్నలు రావు.

ప్రశ్న వేసింది అక్క ఒక్కతే. ఒకరోజు తడిసిన గొడుగు గుమ్మంలో ఆనించి లోపలికి వచ్చింది.

"ఏటి తమ్ముడూ ఇది? ఊళ్లో సూత్తే ఇంటికొకళ్లు వణుకుతూ పడున్నారు. నీ రిజిస్టర్లో సూత్తే ఒక్కడికీ ఏటీ నేదు."

"వైరల్ జ్వరాలు అయ్యుంటాయి అక్కా. చలి, వాన."

"రోజు ఇడిసి రోజు సలి పెట్టి కొట్టే వైరలేటి? నాను ఇరవయ్యేళ్లుగా సూత్తన్నాను."

నాకు పౌరుషం వచ్చింది. స్లైడు పెట్టి, కుర్చీలోంచి లేచి, చూసుకోండి అన్నాను. అక్క వంగి ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"నాకు నీ మిషను సదువు రాదు. గులాబీ పువ్వులాగుంది, అంతే," అంది. మళ్లీ పూతలు నా ముందు పెట్టి, "ఇవి బేగి సూడు. ఈ నంబరు మనిషికిది రెండోసారి," అని వెళ్లిపోయింది.

ఆ రెండోసారి మనిషి ఒక ఇల్లాలు. చిన్న పాప తల్లి. జూలైలో ఒకసారి పూత, నాలుగు మాత్రలు. నేను లేదని రాశాను. ఆగస్టులో మళ్లీ జ్వరం, మళ్లీ పూత, మళ్లీ నాలుగు మాత్రలు. మళ్లీ లేదని రాశాను. ఆగస్టు చివర్లో ఆమెకు మాట పడిపోయింది. డోలీ కట్టి మోసుకొస్తుంటే దారిలోనే, వాగు దాటక ముందే ప్రాణం పోయింది. మోసేవాళ్లు అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. కాబట్టి మా కేంద్రం మరణాల లెక్కలోకి కూడా ఆమె రాలేదు.

అక్క వచ్చి ఈ మాట చెప్పింది. స్లైడ్ల పెట్టె తెరిచి ఆ ఇల్లాలి రెండు స్లైడ్లు తీసుకుని జేబురుమాలులో చుట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనన్న భయం.

ఆ వారం జిల్లా మీటింగుకు వెళ్లి వచ్చినప్పుడు ఆ స్లైడ్లతో పాటు నాకొక చీటీ తెచ్చి ఇచ్చింది. జిల్లా ల్యాబులో ఉండే పెద్ద టెక్నీషియన్ రాసింది. నాకు ట్రైనింగులో పాఠం చెప్పినవారే. చీటీలో మూడు ముక్కలున్నాయి. "రంగు తప్పింది. స్లైడ్ల పెట్టె మొత్తం పట్టుకురా. నువ్వు వాడే నీళ్లు కూడా."

చూసిన స్లైడ్లలో లేదని రాసినవాటిలో కొన్నే దాచి, మిగతావి కడిగి మళ్లీ వాడుకోవాలని నియమం. వానలకు చేతులు చల్లబడి, కడగడానికి బద్ధకించి, రెండు నెలల స్లైడ్లూ అలాగే పెట్టేశాను. నా సర్వీసులో మేలు చేసిన బద్ధకం అదొక్కటే.

మర్నాడు మొదటి బస్సుకే కొండ దిగాను. ఒళ్లో పెట్టె, సంచిలో వాననీళ్ల సీసా. ఘాట్ మలుపుల్లో పెట్టె జారకుండా పట్టుకుని కూర్చున్నాను. కిందికి వెళ్లేసరికి పది దాటింది. పెద్దాయన వేళ్లకు రంగు పట్టి గోళ్లు నీలంగా ఉండేవి. అన్నం తినేటప్పుడు కూడా అవి అలాగే ఉంటాయని మేము నవ్వుకునేవాళ్లం. ఆయన స్లైడ్లు చూడలేదు. ముందు సీసా అందుకుని వెలుగుకు పెట్టి చూశారు.

"ఏటి నీళ్లివి?"

"వాననీళ్లండి."

"తెల్లగా ఉంటే సరిపోద్దేటి అబ్బాయ్?"

రెండు గాజు బీకర్లు తెచ్చారు. ఒకదాంట్లో నా వాననీళ్లు పోశారు. రెండోదాంట్లో మాత్ర కలిపిన బఫర్ నీళ్లు. రెండింట్లోనూ పీహెచ్ కాగితం ముంచారు. నీళ్లు పులుపు వైపు ఉన్నాయా, సున్నం వైపు ఉన్నాయా అన్నది రంగు మారి చెప్పే కాగితం అది. బఫర్ నీళ్లలో కాగితం ఆకుపచ్చగా ఉంది. నాదాంట్లో అప్పటికే పసుపు తిరిగింది.

"వానచినుకు గాలిని మింగుతూ దిగుద్ది. అందుకే ఆ పులుపు. ఇప్పుడు సూడు," అని పలచటి యాసిడ్ ఒక్క చుక్క నా బీకరులో వేశారు. కాగితం ఎర్రబడింది. ఒక్క చుక్కకే. బఫర్‌లోనూ ఒక చుక్క వేశారు. పచ్చ. ఇంకో చుక్క. పచ్చ. అయిదు వేశారు, పచ్చే. కొత్త బీకరులో బఫర్ పోసి, ఈసారి సోడా క్షారం చుక్కలు వేశారు. అప్పుడూ కాగితం చలించలేదు.

"ఎలాగండీ?" అన్నాను. పరీక్షలో రాసినవాణ్ణే, అయినా అడిగాను.

"ఈ మాత్రలో రెండు ఉప్పులున్నాయి. పులుపు వత్తే ఒకటి పట్టేసుకుంటాది. క్షారం వత్తే రెండోది పట్టేసుకుంటాది. నీళ్ల దాకా రానివ్వవు. సీసా సరిగ్గా కడక్కపోయినా, గాలి తగిలినా, నీ సెయ్యి సబ్బు వాసనేసినా, నీళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. అందుకు వెయ్యమన్నాం." ఆయన యాసిడ్ చుక్కలు ఆపలేదు. వేస్తూ వేస్తూ పోతే ఒక చోట కాగితం పచ్చదనం వదిలి పసుపు తిరిగింది, ఆ తర్వాత ఇక నిలవలేదు. "దానికీ ఓ హద్దుంది. అది దాటితే అదీ మామూలు నీళ్లే. కానీ నీ పూతకి ఆ హద్దు దాకా ఎవడూ ఎళ్లడు."

అప్పుడు పెట్టె తెరిచారు. నీళ్లు పులుపెక్కితే రంగులోని ఎరుపుది పైచేయి అవుతుందట. అంతా గులాబీ అయిపోతుంది, నీలం పట్టదు. క్రిమి ఒంటికి పట్టాల్సింది నీలమే. నేను చూడముచ్చటగా ఉందనుకున్నది అదే.

ఆ రోజంతా కిటికీ దగ్గర కూర్చుని స్లైడ్లకు మళ్లీ రంగు వేశాం. ముందు బఫర్ నీళ్లలో నానబెట్టి పాత రంగు దించాలి. తర్వాత కొత్తగా కలిపిన రంగు పోసి అరగంటకు పైగా ఉంచాలి. కడగాలి, ఆరబెట్టాలి, చూడాలి. అన్నీ తిరిగి రాలేదు. కొన్ని పూతలు ఊడిపోయాయి, కొన్ని బూజుపట్టాయి. తేరుకున్నవాటిని ఆయన చూసి నంబరు చెబితే నేను రాశాను. అక్క తిరిగే ఊళ్లవి ఇరవై మూడు తేరుకుంటే తొమ్మిదింట్లో ఉంది. నేను అన్నిటికీ లేదని రాసినవే.

ఆ ఇల్లాలి జూలై స్లైడు పాడైపోయింది. ఆగస్టుది తేరుకుంది. పెద్దాయన చూసి, లేచి, నన్ను కూర్చోమన్నారు. చూశాను. నీలపు ఉంగరాలు, ఒక్కో ఉంగరం మీద ఎర్రని రవ్వ. వెతకనక్కర్లేదు. ఎక్కడ జరిపినా ఉన్నాయి.

"ఈ మనిషి ఇప్పుడెలాగున్నారు?" అని అడిగారాయన.

"లేదండి," అన్నాను.

ఆయన ఆ స్లైడును తన నీలపు వేళ్లతో తీసి విడిగా పెట్టారు. తర్వాత బీరువాలోంచి తన బఫర్ మాత్రల సీసా తీసి, సగం ఒక పొట్లంలో ఒంపి ఇచ్చారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేదని దారిపొడుగునా అనుకున్నాను.

తిరిగి వెళ్లి డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన రిజిస్టరు దగ్గరికి లాక్కున్నారు. "తగ్గిందని రాసి పంపించాం కదయ్యా. ఇప్పుడు పెరిగిందని రాస్తే ఎవరిని అడుగుతారు?" అన్నారు. వరండాలో రెండుసార్లు పచార్లు చేశారు. మూడోసారి ఆగి, "కాగితాలు తర్వాత. ముందు మాత్రలు," అన్నారు. ఆ మాట ఆయన అన్నారన్న గౌరవం ఈరోజుకీ నాకు పోలేదు. తర్వాత దిద్దిన రిపోర్టు మీద సంతకం కూడా పెట్టారు. నాకొక మెమో వచ్చింది. దానికి నేను సమాధానం రాశాను. ఆ సమాధానానికి సమాధానం ఇప్పటిదాకా రాలేదు.

నాలుగు రోజులు జీపు వెళ్లినంత దూరం జీపులో, ఆ తర్వాత నడిచి, తొమ్మిదిమందికీ వాళ్ల ఇళ్లవాళ్లకూ పూర్తి కోర్సు వేశాం. ఎనిమిదిమందికి అంటే సరిగ్గా ఉంటుంది.

అయిదో రోజున అక్క ఆ ఇల్లాలి ఊరికి బయలుదేరుతుంటే నేనూ వస్తానన్నాను. డాక్టరుగారు వద్దన్నారు. "చనిపోయిన మనిషి తిరిగి రాదు. చెబితే గొడవవుతుంది. నీకే కాదు, అందరికీ," అన్నారు. ఆయన మాటలో అబద్ధం లేదు. అక్క మాత్రం, "నాను రమ్మననేదు, వొద్దననేదు," అని సంచి భుజాన వేసుకుంది. ఆమె వెనకే నడిచాను.

దారిలో అక్క అసలు సంగతి చెప్పింది. ఆ ఊళ్లో కొర్ర కొత్త పండగ చెయ్యకుండా కొత్త కొర్రలు నోట పెట్టకూడదు. ముందు అమ్మవారికి పెట్టాలి, తర్వాతే మనుషులు తినాలి. ఆ ఇల్లాలు చివరి రోజుల్లో ఏమీ మింగలేకపోతుంటే, కొత్త కొర్రల అంబలి తాగాలని ఉందని అడిగిందట. మొగుడు ఎవరూ చూడకుండా నాలుగు వెన్నులు కోసి, కాచి పట్టించాడు. ఆ తర్వాత మూడు రోజులకే ఆమె పోయింది. ఊరి పెద్దలు కూర్చున్నారు. జ్వరం అందరికీ వచ్చింది, అందరికీ తగ్గింది, దీనికే ఎందుకు తగ్గలేదన్నారు. అంబలి సంగతి బయటపడింది. అతని చేత అమ్మవారికి మేకను ఇప్పించారు. పాపను అమ్మమ్మ దగ్గర ఉంచి, అతణ్ణి ఊళ్లోకి రావద్దని పొలం పాకలో ఉండమన్నారు.

"అంతేనా అక్కా?" అన్నాను.

"అంతే కాదు. ఆస్పత్రోళ్లు రెండుసార్లు సూసి ఒంట్లో ఏటీ నేదన్నారు కదా అన్నారు. ఏటీ నేనప్పుడు ఇంకేటి సంపింది? ఈడు సేసిన తప్పే సంపింది అన్నారు."

అంతవరకూ నేను ఒక మనిషి చావుకు మాత్రమే కారణమయ్యానని అనుకుంటున్నాను. ఇంకో మనిషి మీద పడ్డ తీర్పులో సాక్షిని కూడా నేనేనని అప్పుడు తెలిసింది.

అతను పొలంలో పిట్టలను తోలుతున్నాడు. ముప్ఫై లోపు వయసు. అక్కను చూసి దగ్గరకు వచ్చాడు గాని నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. దూరంగా ఉండటం అలవాటైపోయినట్టుంది. నేను చెప్పాల్సింది చెప్పాను. నా తెలుగు అతనికి సగమే అందింది. మిగతా సగం అక్క చెప్పింది. మీ ఆవిడ రక్తంలో మలేరియా ఉంది. నేను రంగు తప్పు కలిపాను, అందుకే కనబడలేదు. లేదని రాశాను. అది తప్పు.

కొడతాడేమో అనుకున్నాను. అతను అక్క వైపు తిరిగాడు.

"ఎప్పుడు తీసిన రగతం అది?"

అక్క సంచిలోంచి తన రిజిస్టరు తీసి తేదీ చూసింది. "అంబలి తాగక ముందు. ఇరవై రోజుల ముందు."

"అప్పటికి మా కొర్ర ఇంకా పచ్చిగుంది," అన్నాడతను, మెల్లగా, లెక్క కట్టుకుంటున్నవాడిలాగా. "ఎన్నులో గింజే పట్టనేదు."

"అవును."

"అంటే అంబలి కాదు."

"కాదు," అన్నాను.

అతను కర్ర పారేశాడు. "రా. ఊళ్లో సెప్పు."

ఇంతమందిలో చెప్పాల్సి వస్తుందని నేను అనుకోలేదు. ఒక మనిషికి చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుని వచ్చాను, ఊరికి చెప్పడానికి కాదు. అయినా అతను ముందు నడుస్తుంటే వెనక్కి ఎలా తిరగను. ఊరి మొదట్లో అతను ఆగిపోయాడు. మేం లోపలికి వెళ్లాం. పెద్దలు ఒక అరుగు మీద చేరారు. ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడ్డారు. నేను చెప్పాను, అక్క వాళ్ల భాషలో తిప్పి చెప్పింది. నా తప్పును మెత్తగా చెయ్యకుండానే చెప్పిందని ఆమె గొంతులో తెలుస్తూనే ఉంది.

వాళ్లలో పెద్దవాడు ఒక ముసలాయన. ఆయనకు తెలుగు బాగానే వచ్చు.

"రెండుసార్లు నేదన్నారు. ఇప్పుడు ఉందంతన్నారు. మేం ఏది నమ్మాల బాబూ?"

న్యాయమైన ప్రశ్న. పెద్దాయన బీకర్లు నా దగ్గర లేవు. అటూ ఇటూ చూస్తే, ఒక గుమ్మానికి రాసిన పసుపు కనబడింది.

"తాతా, పసుపులో సున్నం పడితే ఏమవుతుంది?"

"ఎర్రబడతాది."

"చింతపండు పులుసు పోస్తే?"

"మళ్లీ పసుపే అవుతాది."

"మా రంగూ అలాంటిదే. నీళ్లలో ఏముందో దాన్నిబట్టి తిరుగుతుంది. అది తిరక్కుండా పట్టి ఉంచే మాత్ర ఒకటుంది. ఆ మాత్ర వేసిన నీళ్లలోనే కలపాలి. నేను మాత్ర లేకుండా వాననీళ్లలో కలిపాను. అందుకే పురుగు కనబడలేదు. తర్వాత మాత్ర వేసి కలిపితే కనబడింది."

ముసలాయన ఆలోచించాడు. "వాననీళ్లలో కలపకూడదని నీకు తెలుసా, తెలవదా?"

తెలియదని చెబితే అక్కడితో అయిపోయేది. అక్క నా వైపు చూడలేదు.

"తెలుసు. పుస్తకంలో రాసి ఉంది. నేనే పట్టించుకోలేదు."

అక్క ఆ మాట కూడా తిప్పి చెప్పింది. గుమ్మాల్లో ఆడవాళ్లు ఏదో అనుకున్నారు. పెద్దలు తమలో తాము చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆఖరికి ముసలాయన లేచి, ఊరి మొదట్లో నిలబడ్డ అతణ్ణి పేరు పెట్టి పిలిచాడు. అతను వచ్చాడు. ఇచ్చిన మేక సంగతి ఎవరో ఎత్తారు. అమ్మవారు తినేసింది కదా, అది తిరిగి రాదని ముసలాయన అన్నాడట. కొందరు నవ్వారు. ఆ నవ్వుతోనే ఆ తీర్పు ముగిసిందని అక్క తర్వాత చెప్పింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. కూర్చోమని కూడా అనలేదు.

అతను ఒక ఇంటి ముందుకు వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. లోపలి నుంచి అమ్మమ్మ పాపను బయటికి తోసింది. ఆ పిల్ల గుమ్మం పట్టుకుని నిలబడి, తండ్రిని కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. అతను పిలవలేదు, చేతులు చాపలేదు. అలాగే కూర్చున్నాడు. కాసేపటికి ఆ పిల్ల తనంతట తనే రెండడుగులు వేసి అతని మోకాలు పట్టుకుంది.

మేం బయలుదేరుతుంటే అతను పిల్లను ఎత్తుకుని మా వెనకే ఊరి చివరిదాకా వచ్చాడు. వీడ్కోలు చెప్పడానికి వచ్చాడనుకున్నాను. నా ముందుకు వచ్చి ఎడమ చెయ్యి చాపి ఒక వేలు ముందుకు పెట్టాడు.

"మూడు దినాలుగా నాకూ సలి పెడతంది," అన్నాడు. "తియ్యి. ఈసారి బాగా సూడు."

సూది, గాజుపలకలు అక్క సంచిలో ఉన్నాయి. తీసి అక్క నా చేతికే ఇచ్చింది. అప్పటిదాకా నేను వేలు పొడిచింది ట్రైనింగులోనే. అతని వేలు వేడిగా ఉంది. పొడిచి, చుక్క పట్టి, పూత పరిచి, నంబరు కాకుండా పేరు రాశాను.

మర్నాడు పొద్దున్న కిటికీలో వెలుగు రాగానే బఫర్ నీళ్లలో రంగు కలిపి చూశాను. ఉంది. అదే రోజు బస్సు దిగేచోటి నుంచి నడిచి వెళ్లి, మాత్రలు నేనే మింగించి వచ్చాను.